మా గోల్డ్ ఫిష్ మీద తెల్ల చుక్కలు

మా ఇంట్లో రెండడుగుల అక్వేరియంలో రెండు గోల్డ్ ఫిష్‌లు ఉండేవి. ఎర్రదానికి బంగారం, తెల్లదానికి వెండి అని మా పాప పేర్లు పెట్టింది. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఫిల్టర్ స్పాంజి నల్లబడిందని కుళాయి కింద పెట్టి, పిండితే తేట నీళ్లు వచ్చేదాకా ఉతికాను. అడుగున ఉన్న గులకరాళ్లు కూడా తీసి కడిగాను. తప్పు అక్కడే జరిగింది. అది నాకు తెలియడానికి నాలుగు రోజులు పట్టింది.

మంగళవారానికి రెండు చేపలూ నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మేత వేస్తే ముట్టలేదు. దగ్గరగా చూస్తే బంగారం మొప్పల మీద సన్నటి తెల్ల చుక్కలు. ఫోన్‌లో వెతికితే వైట్ స్పాట్ జబ్బని వచ్చింది. ఫోటో చూపిస్తే షాపులోనూ అదే అన్నారు. ఒక నీలం మందు సీసా, ఒక హీటర్ ఇచ్చి, నీటి వేడిని 30 డిగ్రీలకు పెంచమన్నారు. మందు పోసి, హీటర్ పెట్టాను.

నిజంగా వైట్ స్పాట్ అయితే వేడి పెంచడం పనికొచ్చేదే. ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి చేప చర్మంలో దాగి ఉన్నంతసేపు మందు దానికి తగలదు. అది రాలి, అడుగున అతుక్కుని, వందల పిల్లలుగా విడిపోయి నీళ్లలో ఈదుతున్నప్పుడే చస్తుంది. నీళ్లు వెచ్చగా ఉంటే ఇదంతా త్వరగా జరుగుతుంది. కానీ మా చేపలకు వచ్చింది ఆ జబ్బు కాదు.

గురువారం పొద్దున వెండి ఒక పక్కకు ఒరిగి అడుగున పడి ఉంది. మొప్పలు ఎర్రగా కమిలిపోయాయి. పాప స్కూలుకి వెళ్లనని ఏడ్చింది. టెన్షన్‌తో మా మామయ్యకి వీడియో పంపి ఫోన్ చేశాను. ఆయనకి ఆకివీడు దగ్గర చేపల చెరువులున్నాయి, అంతకుముందు హేచరీలో పనిచేశాడు.

"నీళ్లు టెస్ట్ చేశావా అమ్మా?" అన్నాడు మొదటి మాటగా. లేదన్నాను.

"మరి మందెలా పోశావ్? ఆ చుక్కలు ఒళ్లంతా ఉన్నాయా, మొప్పల మీదేనా?"

మళ్లీ చూశాను. మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున వరసగా ఉన్నాయి. ఒంటి మీద, తోక మీద ఒక్కటీ లేదు.

"అది మగ చేపమ్మా. గుడ్లు పెట్టే సీజన్ వస్తే మగవాటికి అలాగే వస్తాయి. హేచరీలో మగ శీలావతిని మేం ముందు రెక్క తడిమే పోల్చుకునేవాళ్లం, గరుకుగా తగులుతుంది. నీ గోల్డ్ ఫిష్ కూడా ఆ కుటుంబానిదే. జబ్బయితే ఉప్పు చల్లినట్టు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ముందు అమ్మోనియా చూడు."

గంటలో అమ్మోనియా టెస్ట్ కిట్ తెచ్చాను. గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చుక్కలు వేసి 5 నిమిషాలు ఆగాలి. పసుపు రంగులో ఉండాల్సింది చిక్కటి ఆకుపచ్చగా మారింది. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతూనే ఉంటాయి. దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఉండేది ఎక్కువగా స్పాంజిలో, రాళ్ల మీద. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగి వాటిని నేనే చంపేశాను. మిగిలిన కాసిన్నీ నీలం మందుకి దెబ్బతిని ఉంటాయి. హీటర్ పెట్టడంతో నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది, అమ్మోనియా విషం ఇంకా పెరిగింది. వైద్యం అనుకుని చేసిన ప్రతి పనీ వాటికి ఊపిరాడకుండా చేసింది. ఇది అర్థమయ్యాక చాలాసేపు ఆ ట్యాంకు ముందే కూర్చుండిపోయాను.

హీటర్ తీసేశాను. మేత ఆపేశాను. ఇంకో ఎయిర్ పంప్ పెట్టాను. సగం నీళ్లు తీసి, యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్లు నెమ్మదిగా పోశాను. ఆ తర్వాత రోజూ మూడో వంతు నీళ్లు మార్చాను. వెండి మాత్రం శుక్రవారం రాత్రి చనిపోయింది. పాప, నేను కలిసి మందార మొక్క మొదట్లో పాతిపెట్టాం.

పది రోజులకు అమ్మోనియా దిగడం మొదలైంది కానీ నైట్రైట్ పెరిగింది. నైట్రైట్ మొప్పల గుండా లోపలికెళ్లి, రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని లోపలికి రానివ్వదు. అందుకని మా ట్యాంకులోని 60 లీటర్లకు 60 గ్రాముల కల్లుప్పు మగ్గులో కరిగించి, కొద్దికొద్దిగా పోశాను. నీళ్లు మార్చినప్పుడల్లా తీసిన నీళ్లకు సరిపడా ఉప్పు మాత్రమే మళ్లీ కలిపాను. ఒక స్నేహితురాలి పాత ట్యాంకులోంచి స్పాంజి ముక్క తెచ్చి మా ఫిల్టర్‌లో పెట్టాను. దానివల్లే బాక్టీరియా త్వరగా నిలదొక్కుకుందని నా నమ్మకం. అయినా రెండూ సున్నాకి రావడానికి ఐదు వారాలు పట్టింది.

ఇప్పుడు స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లతోనే, బకెట్‌లో ఒకట్రెండు సార్లు పిండి వదిలేస్తున్నాను. నల్లగా ఉన్నా ఫరవాలేదు. బంగారం మళ్లీ మేత కోసం అద్దం దగ్గరికి వస్తోంది. దాని మొప్పల మీది ఆ తెల్ల చుక్కలు మాత్రం ఏప్రిల్ దాకా అలాగే ఉన్నాయి.