మా అడ్డరోడ్డులో ఫుట్‌పాత్ కోసం రెండు అర్జీలు

గుంటూరు బ్రాడీపేటలో అడ్రసు చెప్పడం తేలిక. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అంటే ఆటో అతను నేరుగా తెచ్చి దింపుతాడు. అంత పద్ధతిగా వేసిన పేటలో మనిషి నడవడానికి మాత్రం చోటు లేకుండా పోయింది. మా అడ్డరోడ్డులో ఫుట్‌పాత్ అంటే సైడు కాలువ మీద పరిచిన కాంక్రీటు పలకలే. వెడల్పు నాలుగడుగులు. రోడ్లు ఎలా వేయాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం నడిచేవాళ్లకు ఏ అడ్డమూ లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు వదలాలి. మాకు ఉన్నదే నాలుగు. అవి కూడా కార్ల కిందకు పోయాయి.

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అమ్మను డాక్టరు గారు రోజూ నడవమన్నారు. వాకర్ పట్టుకుని వీధి చివర వినాయకుడి గుడి దాకా వెళ్లి రావాలని ఆవిడ పట్టుదల. కానీ గేటు దాటిన రెండో ఇంటి దగ్గరే ఆగిపోయేది. అక్కడ ఒక పెద్ద తెల్ల కారు, రెండు చక్రాలు పలకల మీద, రెండు చక్రాలు రోడ్డు మీద. కారుకీ ప్రహరీ గోడకీ మధ్య జానెడు సందు. మామూలు మనిషే పక్కకు తిరిగి, అద్దానికి తగలకుండా చెయ్యి పైకెత్తి జరగాలి. వాకర్ ఎలా దూరుతుంది? పైగా ఆ బరువుకు ఒక పలక పగిలి కుంగింది. లోపలి ఇనుప చువ్వ బయటికొచ్చింది. మనుషులు నడవడానికి వేసిన పలక కారు బరువును ఎంతకాలం మోస్తుంది? ఒక సాయంత్రం వాకర్ కాలికుండే రబ్బరు బూటు ఆ పగులులో ఇరుక్కుపోయింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి అమ్మను పట్టుకోగలిగాను.

రోడ్డు మీదకు దిగి నడవొచ్చుగా అంటారు కొందరు. శంకర్ విలాస్ ఓవర్‌బ్రిడ్జి పని మొదలైన దగ్గర్నుంచి మెయిన్ రోడ్డు ట్రాఫిక్ మా అడ్డరోడ్లలోకి మళ్లింది. హారన్ కొడుతూ వెనక నుంచి దూసుకొచ్చే బైకుల మధ్య వాకర్‌తో నడవమని మన ఇంట్లో పెద్దవాళ్లకు చెబుతామా? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో సుమారు ఐదో వంతు మంది నడిచివెళ్లేవాళ్లే.

ఊళ్లో కార్లు పెరిగాయి, ఏం చేస్తాం అనే మాట నేను ఒప్పుకోను. తెల్ల కారు వాళ్లింట్లో కారు షెడ్డు ఉంది. అది ఇప్పుడు కోచింగ్ పిల్లలకు అద్దెకిచ్చిన గది. ఎదురు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సగం ఏదో షాపు వాళ్ల అట్టపెట్టెలతో నిండి ఉంటుంది. పార్కింగ్ అని ప్లాన్‌లో చూపించి అనుమతి తీసుకున్న చోటును ఇంకో పనికి వాడకూడదని బిల్డింగ్ రూల్స్ చెబుతున్నాయి. అయినా ఆ చోటు మీద వచ్చే అద్దె ఓనర్లు తీసుకుంటున్నారు, దాని భారం మా అమ్మ మోకాళ్ల మీద పడుతోంది.

ముందు మాట్లాడి చూశాను. తెల్ల కారు ఇంటాయన మా నాన్నగారి స్నేహితుడు. చిన్నప్పటి నుంచీ బాబాయిగారూ అనే పిలుస్తాను.

"బాబాయిగారూ, అమ్మ నడవలేకపోతోందండీ. కారు కాస్త లోపల పెట్టుకుంటారా?"

"లోపల చోటెక్కడుందమ్మా? మా ఇంటి ముందేగా పెట్టుకున్నాం, మీ ఇంటి ముందు కాదుగా."

పిన్నిగారు మధ్యలో వచ్చి, "పోనీలెండి, ఆవిడ ఇబ్బంది పడుతోంది కదా" అన్నారు. కొన్నాళ్లు కారు కొంచెం పక్కకు జరిగింది, మళ్లీ మామూలే. అలాగే పలకల మీద కారు పెట్టే ఎదురు అపార్ట్‌మెంట్ కుర్రాడిని అడిగితే, "ఆంటీ, ఇక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు కదా" అన్నాడు.

ఈ రెండు మాటలకూ జవాబు తెలుసుకోవాలనిపించింది. మన స్థలం ప్రహరీ గోడతో అయిపోతుంది. గేటు బయట ఉన్న కాలువ, పలకలు, రోడ్డు అన్నీ అందరివీ. ఇక బోర్డు సంగతి. 2017 నాటి మోటార్ వెహికల్స్ డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో ఫుట్‌పాత్ మీద బండి నిలపకూడదని నేరుగా రాసి ఉంది. దానికి బోర్డు పెట్టాల్సిన పని లేదు. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం పదిమందికి ప్రమాదం, అడ్డం కలిగేలా బండి వదిలిపోకూడదు. పార్కింగ్ నిషేధం ఉన్న చోట వదిలేసిన బండిని పోలీసులు లాక్కెళ్లొచ్చని, ఆ ఖర్చు ఓనరే కట్టాలని 127వ సెక్షన్ చెబుతుంది. ఇవి చదివాక నాకు ధైర్యం వచ్చింది. అప్పటిదాకా నేను ఏదో దయ అడుగుతున్నట్టు మాట్లాడుతూ వచ్చాను. ఇది హక్కు.

మా వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీగా ఉన్న అమ్మాయి చెప్పిన ఒక్క మాట ఈ వ్యవహారం మొత్తానికీ దారి చూపించింది. "అక్కా, అంతా ఒకే కాగితంలో రాస్తే అది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతూనే ఉంటుంది. కారు మీద మాకు అధికారం లేదు, అది ట్రాఫిక్ వాళ్లది. గేట్ల ముందు పలకల మీద కట్టిన ర్యాంపులు, అక్కడే పెట్టిన పూలకుండీలు, గొలుసులు, పగిలిన పలక, సెల్లార్, ఇవి మునిసిపల్ వాళ్లవి. రెండు అర్జీలు విడివిడిగా రాయండి" అంది. చాలామంది ఫిర్యాదులు ఎందుకు మూలన పడతాయో నాకు అప్పుడు అర్థమైంది. కదిలేది ఒకరిది, కదలనిది ఇంకొకరిది. ఎవరిది వాళ్లకు రాస్తే ఇది మాది కాదు అనే వీలుండదు.

అర్జీ రాయడానికి బాగానే కష్టపడ్డాను. ఫోటోలు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేర్వేరు వేళల్లో తీశాను. ఐదు నిమిషాలు ఆపానంతే అనే మాటకు అదే జవాబు. ప్రతి ఫోటోలో నంబరు ప్లేటు, పలకల మీద ఎక్కిన చక్రం, పక్కనే కరెంటు స్తంభం కనిపించేలా చూశాను. స్తంభం ఉంటే చోటు ఏదో ఎవరూ కాదనలేరు. తమ్ముడు టేపు పట్టుకుంటే కారుకీ గోడకీ మధ్య ఎంత ఉందో కొలిచి రాశాను. ఎవరి పేరూ రాయలేదు, ఎవరి మీదా చర్య అడగలేదు. "ఫలానా డోర్ నంబరు నుంచి ఫలానా డోర్ నంబరు వరకు ఫుట్‌పాత్‌ను నడవడానికి వీలుగా ఖాళీ చేయించగలరు" అని మాత్రమే రాశాను. కావాల్సిన వాళ్లు ఈ వాక్యం ఉన్నదున్నట్టు వాడుకోండి. మనిషి మీద రాస్తే గొడవ అవుతుంది, చోటు గురించి రాస్తే పని అవుతుంది. ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు అన్నది. ఆ వార్త పేపర్ కటింగ్ కూడా జత చేశాను.

సంతకాల దగ్గర మనసు నొచ్చుకుంది. రోజూ ఆ కార్ల గురించి నాతో చెప్పుకుని బాధపడేవాళ్లే, "మాకెందుకమ్మా, పొద్దున లేస్తే మొహాలు చూసుకోవాలి" అని తప్పుకున్నారు. పై వాటాలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, ఇస్త్రీ బండి అతను, ఇద్దరు పిల్లల్ని బడికి నడిపించుకెళ్లే ఒకావిడ సంతకం పెట్టారు. ఇస్త్రీ అతను ఆ ఇళ్ల బట్టల మీదే బతుకుతున్నాడు. అయినా వెనకాడలేదు. ఆయన చేసిన సాయం నేను మర్చిపోను.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రెండూ ఇచ్చాను. పొలం గొడవలు, పింఛన్లు, ఇంటి పట్టాల కోసం వచ్చినవాళ్ల మధ్య వరసలో కూర్చున్నాను. పక్కన పాస్‌బుక్కులు సంచిలో పెట్టుకుని కూర్చున్న పెద్దాయన నా కాగితం సంగతి అడిగి, "నడిచే దోవకు కూడా అర్జీ పెట్టుకోవాల్సి వచ్చిందా తల్లీ" అన్నాడు. రెండు అర్జీలకూ వేర్వేరు నంబర్లతో రసీదులు ఇచ్చారు. ఆ రసీదులు జాగ్రత్తగా పెట్టుకోవాలి. 1100కు ఫోన్ చేసి నంబరు చెబితే అర్జీ ఎవరి దగ్గర ఉందో చెబుతారు. నేను చేస్తూనే ఉన్నాను.

ముందు కదిలింది ట్రాఫిక్ వాళ్లు. ఒక సాయంత్రం ఎస్సై గారు వచ్చి ఇంటింటికీ చెప్పి వెళ్లారు. ఆ తర్వాతి వారం కానిస్టేబుల్ ఫోటోలు తీశాడు, ఓనర్ల ఫోన్లకు చలానాలు వచ్చాయి. బోర్డు లేదన్న కుర్రాడు ఆ రాత్రే కారు సెల్లార్‌లో సర్దుకున్నాడు. చోటు ఉందన్నమాట.

బాబాయిగారికి మాత్రం బాగా కోపం వచ్చింది. "పోలీసులను పంపించావా అమ్మా నా ఇంటికి" అన్నారు గేటు దగ్గర. ఆ మాట గుచ్చుకుంది. అయినా వెనక్కి తగ్గలేదు. ఆయన్ని పగిలిన పలక దగ్గరకు తీసుకెళ్లి, వాకర్ కాలు ఇరుక్కున్న చోటు చూపించాను. "బాబాయిగారూ, రేపు పిన్నిగారు కూడా ఇక్కడే నడవాలి కదండీ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చాలా రోజులు మాటలు లేవు. తర్వాత తెలిసింది, వీధి చివర ఖాళీ స్థలం వాళ్లతో మాట్లాడి ఇంకో ఇద్దరితో కలిసి నెల అద్దెకు కార్లు అక్కడ పెట్టుకుంటున్నారని. అక్కడికి నడక రెండు నిమిషాలు. మొదటి రోజే చేయగలిగిన పని ఇది!

మునిసిపల్ అర్జీ నెమ్మదిగా నడిచింది. టేపుతో వచ్చి ర్యాంపులు కొలిచారు, నోటీసులిచ్చారు. గొలుసులు, కుండీలు వాటంతట అవే లోపలికి వెళ్లిపోయాయి. రోడ్డు దాకా పొడుచుకొచ్చిన ర్యాంపులను కొట్టించారు. పగిలిన పలక తీసి కొత్తది వేశారు. అమ్మ ఇప్పుడు గుడి దాకా వెళ్లి వస్తోంది. మధ్యలో ఒక్క చోట మాత్రం రోడ్డు మీదకు దిగక తప్పడం లేదు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఉంది, అది వేరే శాఖ పని.

సెల్లార్ వ్యవహారం ఇంకా తేలలేదు. అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి, ఆ అపార్ట్‌మెంట్‌కు వచ్చే చుట్టాల కార్లు ఆదివారాల్లో మళ్లీ పలకలు ఎక్కుతున్నాయి. సమాచార హక్కు చట్టం కింద ఆ బిల్డింగ్ ప్లాన్ కాపీ అడిగాను. 30 రోజుల్లో జవాబు రావాలి. ఎన్ని కార్లకు చోటు చూపించి అనుమతి తీసుకున్నారో అందులో ఉంటుంది. మూడో అర్జీ ఆ కాగితం పట్టుకునే వేస్తాను.