డబ్బు రావడానికి పిన్ ఎందుకు?

బెంగళూరు మారతహళ్ళిలో మా స్విఫ్ట్ కారు అమ్మకానికి పెట్టిన రోజే ఒకాయన ఫోన్ చేశాడు. మిలిటరీలో ఉన్నానన్నాడు. బండి చూడకుండా, బేరమాడకుండా అడ్వాన్సు పంపుతానన్నాడు. వెంటనే వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్. "స్కాన్ చేసి పిన్ కొట్టండి సార్, డబ్బు పడుతుంది." డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. కొడితే మన ఖాతాలోంచే పోతుంది. ఫోన్ పెట్టేశాను.

చివరికి కొన్నది ఓ కర్నూలు కుర్రాడు. స్క్రీన్‌షాట్ కాదు, డబ్బు నా బ్యాలెన్స్‌లో కనబడ్డాకే తాళాలిచ్చాను. ఓనర్ పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 నింపి సంతకాలు పెట్టుకున్నాం. బండి అప్పగించినట్టు రాసుకునే డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైమ్ కూడా పట్టుబట్టి రాయించాను. ఆర్‌సీలో పేరు మారేదాకా యాక్సిడెంట్ జరిగితే చట్టం దృష్టిలో ఓనర్ మనమే, 2018లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. ఫాస్టాగ్ ఆ సాయంత్రమే క్లోజ్ చేయించాను.