విజయవాడ డాబా మీద అసలు లిల్లీలు: నా అనుభవం

మా ఊరి పూలబజారులో లిల్లీలు కావాలని అడిగితే తూచి ఇచ్చేవి నేలసంపెంగలే. నేను పెంచాలనుకున్నది అవి కాదు. పొలుసుల దుంప నుంచి నిటారుగా ఒకే కాడ లేచి, కొసన బూరల్లా విచ్చుకునే పెద్ద పూల లిల్లీలను. మన దక్షిణాదిలో సహజంగా పెరిగే నీలగిరి లిల్లీ కూడా పడమటి కనుమల ఎత్తుల్లోని చల్లదనాన్ని వదిలి కిందికి రాని మొక్క అని నాకు అప్పటికి తెలియదు.

మొదటి ఏడాది ఫిబ్రవరి చివర ఆసియాటిక్ అనే సంకర లిల్లీ రకం దుంపలు ఆరు తెప్పించి, వాన లిల్లీలను నాటినట్టే రెండంగుళాల లోతులో, నల్లటి ప్లాస్టిక్ కుండీల్లో నాటి ఎండలో పెట్టాను. మొగ్గలు విచ్చుకోకముందే మాడిపోయాయి. మొక్క వాడిపోతోందని రోజుకు రెండుసార్లు నీళ్లు పోయడంతో ఏప్రిల్ నాటికి దుంపలన్నీ కుళ్లిపోయాయి.

లిల్లీ దుంపకు ఉల్లిపాయకు ఉన్నట్టు ఎండు పొర ఉండదు కనుక అది ఎండకూ తడికీ వెంటనే లొంగిపోతుంది. పైగా దుంపకు ఎగువన, మట్టిలో ఉన్న కాడ భాగం నుంచి కూడా వేర్లు వస్తాయి కనుక లోతుగా నాటకపోతే వాటికి చోటు ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, కాపాడవలసింది ఆకులను కాదు, వేర్లను. ఆకులు కాస్త ఎండను ఓర్చుకుంటాయి గాని, కాగిన మట్టిలో వేర్లు బతకవు.

రెండో ఏడాది ఆసియాటిక్‌లకు బదులు ఎల్‌ఏ సంకరాలను ఎంచుకున్నాను. దక్షిణ జపాన్ దీవులకు చెందిన లాంగిఫ్లోరం లిల్లీని ఆసియాటిక్‌లతో కలిపి తయారుచేసిన ఈ రకాలు వేడిని కొంత మెరుగ్గా తట్టుకుంటాయి. శీతల గిడ్డంగి నుంచి వచ్చిన ఆరు దుంపలను నవంబరు మూడో వారంలో ఆరంగుళాల లోతున మట్టి కుండీల్లో నాటి, ఒక్కో కుండీని మరో పెద్ద కుండీలో దించి, మధ్య సందును తడి ఇసుకతో నింపాను. పది గంటల వరకే ఎండ తగిలేలా ఆకుపచ్చ నెట్ కట్టి, మట్టిపై కొబ్బరి పీచు పరిచాను. జనవరి చివరి వారంలో తొలి పువ్వు విచ్చింది. ఒక్కో కాడకు నాలుగైదు పూలు వచ్చాయి.

దుంపలను మరుసటి ఏడాదికి దాచడమే అసలు కష్టం. పూలు వాడిన తరువాత కాడను కోయకుండా, ఆకులు తమంతట తాము పసుపుబారేదాకా ఉంచాను. మే నుంచి దుంపలను వరండా మూల చెమ్మ ఇసుకలో, ఆగస్టు చివరి నుంచి పది వారాలు ఫ్రిజ్‌లో, చిల్లులు పెట్టిన కవరులో కొద్దిపాటి చెమ్మ ఉన్న కొబ్బరి పొట్టు మధ్య ఉంచాను. పళ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చెడగొడుతుంది కనుక ఆ పది వారాలూ ఆపిల్ పళ్లను ఫ్రిజ్‌లో పెట్టవద్దని మా అత్తగారిని బతిమాలుకున్నాను. ఆమె నిజంగానే ఒక్కటి కూడా పెట్టలేదు.

ఆరింటిలో నాలుగు మొలిచాయి, ఒక్కోదానికి రెండేసి పూలు. మన మైదానాల్లో ఒకే దుంప ఏటేటా అదే బలంతో పూస్తుందని ఆశించకూడదని నా అభిప్రాయం. ఈ నవంబరుకు కొత్తవి నాలుగు తెప్పించి, పాతవాటిలో గట్టిగా మిగిలిన రెండింటితో పాటు నాటుతున్నాను.