రేకు కింద కర్ర: 1962 నాటి షాస్టా ట్రైలర్‌తో నా అనుభవం

2021 అక్టోబరులో, అమెరికాలోని ఉత్తర ఇండియానాలో మా ఇంటికి నలభై మైళ్ళ దూరంలో ఉన్న ఒక రైతు కొట్టంలో నేను ఆ ట్రైలర్‌ను, అంటే కారు వెనుక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లులాంటి బండిని, మొదటిసారి చూశాను. 1962 నాటి షాస్టా ఎయిర్‌ఫ్లైట్, పదహారడుగుల బండి, గడ్డిమోపుల వెనుక గాలిపోయిన టైర్ల మీద నిలబడి ఉంది. పక్క నుంచి చూస్తే ముందూ వెనుకా గుండ్రంగా, డబ్బాలో పెట్టి అమ్మే హ్యామ్ (పంది మాంసం) ఆకారంలో ఉంటాయి కనుక ఈ తరహా ట్రైలర్లను ఇక్కడివారు ‘క్యాన్డ్ హ్యామ్’ అంటారు. షాస్టా సంస్థ 1941లో కాలిఫోర్నియాలో సైనికుల నివాసం కోసం ట్రైలర్లు కట్టడంతో మొదలై, యుద్ధం ముగిశాక కుటుంబాల విహారయాత్రల వైపు మళ్ళింది. వెనుక భాగంలో రెండు పక్కలా బిగించిన చిన్న అల్యూమినియం రెక్కలే ఆ బండ్ల గుర్తు. నేను చూసినదానికి ఎడమ రెక్క ఉంది, కుడి రెక్క లేదు.

పద్దెనిమిది వందల డాలర్లకు బేరం కుదిరింది. టైటిల్ (యాజమాన్య) కాగితంలోని నంబరూ, ఎద్దుబండి నొగలా ముందుకు పొడుచుకు వచ్చిన ఇనుప టంగ్ మీద చెక్కిన నంబరూ ఒకటేనని సరిచూసుకున్నాను. కర్ర ఎలా ఉందో తెలుసుకోవడానికి స్క్రూడ్రైవర్ మొనతో తలుపు పక్కన రెండు చోట్ల గుచ్చి చూశాను. గట్టిగానే ఉంది. వెనుక మూలల్లో, కిటికీల కింద కూడా గుచ్చి చూడవలసింది. ఆ పని చేయలేదు. ఇటువంటి బండి కొనదలచినవారికి నేను చెప్పగల మొదటి మాట ఇదే: రేకు మెరుపును చూడకండి, లోపల బర్చ్ ప్లైవుడ్ మీద నల్లటి మరకలు ఎక్కడున్నాయో వెతకండి, ముందుగా అక్కడే గుచ్చి చూడండి.

బండిని ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఇంటికి తెచ్చిన వారం తరువాత, మా పక్కనే ఉన్న ఎల్క్‌హార్ట్ పట్టణంలోని ఆర్.వి. (విహార వాహనాల) హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియమ్‌కు వెళ్ళాను. అమెరికాలో తయారయ్యే ట్రైలర్లలో అత్యధిక భాగం ఆ పట్టణం చుట్టుపక్కలే తయారవుతాయి. 1913 నాటి ఎర్ల్ ట్రైలర్‌ను అక్కడ భద్రంగా ఉంచారు. నూరేళ్ళు దాటిన ఆ బండి ముందు చాలాసేపు నిలబడినా, నా కళ్ళు ఎక్కువసేపు ఆగింది మాత్రం యాభైలు, అరవైల నాటి బండ్ల అంచుల మీదే. ఒక రేకు మీదికి మరొక రేకు ఎటు నుంచి ఎటు వస్తోంది, అంచు పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది, కిటికీ పైన నీరు జారే చిన్న తూము ఎలా వంగి ఉంది అన్నవన్నీ నోట్‌బుక్‌లో బొమ్మలు గీసుకున్నాను. ఆ నోట్‌బుక్ తరువాతి రెండేళ్ళూ గరాజ్‌లో నా చేతికందే చోటే ఉంది.

విప్పడం నవంబరులో మొదలుపెట్టాను. ముందు అంచు పట్టీలు, తరువాత కిటికీలు, దీపాలు, తలుపు, ఆ పైన రేకులు, ఇదీ వరుస. ఆ కాలపు స్క్రూల తలల మీద సీతాకోకచిలుక ఆకారంలో గాడి ఉంటుంది. వాటికి వేరే బిట్ కావాలి. మామూలు బిట్ వాడితే గాడి అరిగిపోయి స్క్రూ కదలదు. ఊడదీసిన ప్రతి వస్తువునూ ఒక సంచిలో వేసి, నంబరు రాసి, అది ఉన్న చోటును ఫొటో తీశాను. సుమారు తొమ్మిది వందల ఫొటోలు పోగయ్యాయి. వాటిలో ఒక్కటి కూడా వృథా కాలేదు.

రేకు తీసేసరికి అసలు సంగతి బయటపడింది. ఈ బండ్లకు గోడల లోపల ముప్పాతిక అంగుళం మందం, అంగుళంన్నర వెడల్పు ఉన్న కర్రబద్దలతో ఒక గూడు ఉంటుంది. దానికి లోపలివైపు పలుచని ప్లైవుడ్, బయటివైపు అల్యూమినియం రేకు కొడతారు. వెనుక రెండు మూలల్లో ఆ బద్దలు చేత్తో నలిపితే తడిసిన రొట్టెలా విడిపోయాయి. కొన్ని చోట్ల కర్ర పూర్తిగా మాయమై, దాన్ని పట్టుకుని ఉండవలసిన పిన్నులు మాత్రం తుప్పు పట్టి వేలాడుతున్నాయి. ఆ బండి అన్నేళ్ళుగా రేకు బలం మీదే నిలబడింది.

ఆ దశలో నేను చేసిన తప్పు పెద్దది. ఒక పక్క గోడను బాగుచేసి నిలబెట్టిన తరువాతే రెండో పక్క విప్పాలి. జనవరిలో ఒక శని, ఆదివారాల్లో ఉత్సాహం కొద్దీ రెండు పక్కల రేకులూ, లోపలి ప్లైవుడ్ కూడా తీసేశాను. సోమవారం పొద్దున చూస్తే గూడు మొత్తం కుడివైపుకు అంగుళంపావు ఒరిగి ఉంది. తలుపు తెచ్చి పెట్టి చూస్తే పై మూల పట్టడం లేదు. అడ్డకర్రలు బిగించి ఒరుగును అంతటితో ఆపగలిగాను కానీ, దాన్ని వెనక్కి ఎలా తేవాలో నాకు తోచలేదు. మార్చిలో ఇరుసు, బేరింగులు, ఎలక్ట్రిక్ బ్రేకులు మాత్రం ఆ పని తెలిసిన షాపులో కొత్తవి వేయించి, కర్రపని అలాగే వదిలేశాను.

ఏప్రిల్‌లో అమ్మానాన్నలు విజయవాడ నుంచి వచ్చారు. మా నాన్నగారు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ముప్ఫై రెండేళ్ళు పనిచేశారు. నేను చదువుకుని కంప్యూటర్ల ఉద్యోగంలో చేరాక ఆయన పని గురించి మేమిద్దరం మాట్లాడుకున్న సందర్భాలు చాలా తక్కువ. వచ్చిన రెండో రోజున, ప్రయాణపు బడలిక ఇంకా తీరకముందే, ఆయన గరాజ్‌లోకి వచ్చి గూడు చుట్టూ ఒకసారి తిరిగారు. ఒక బద్దను గోటితో గీకి వాసన చూశారు.

‘‘ఇది మన బాడీ కట్టుబడే కదరా. కర్ర గూడు కట్టి పైన రేకు తొడిగారు,’’ అన్నారు.

‘‘ఒరిగిపోయింది నాన్నా. ముందు దీన్ని నిలబెట్టాలి,’’ అన్నాను.

‘‘అది ఒక పూట పని. నీళ్ళు ఎటు నుంచి వచ్చాయో ముందు అది చూడు. అది తెలియకుండా కర్ర మారిస్తే, మళ్ళీ పదేళ్ళకు ఇదే కర్ర ఇలాగే చేతికొస్తుంది.’’

తరువాతి రెండు రోజులూ ఆయన సుద్దముక్క పట్టుకుని, నేను తీసి గోడకు ఆనించిన పాత ప్లైవుడ్ పలకల మీద మరకల వెంట గీతలు గీశారు. మరక ముదురుగా ఉన్న చోటే ఆగకుండా, కింది నుంచి పైకి, అది సన్నని చారగా మారి మాయమయ్యే చోటి దాకా గీశారు. గీతలన్నీ నాలుగు చోట్లకు చేరాయి: పైకప్పు గాలి కిటికీ అంచు, వెనుక పై భాగంలోని చిన్న ఎర్ర దీపాల స్క్రూ రంధ్రాలు, పక్క కిటికీ పై మూల, రెక్క బిగించిన చోట అంచు పట్టీ అతుకు. మూలల్లో కుళ్ళు కనబడుతోంది కాబట్టి నీరు మూలల్లోనే దిగిందని నేను అనుకున్నాను. నిజానికి నీరు పైన ఎక్కడో దూరి, బద్ద వెంట జారి, వెళ్ళడానికి దారి లేక మూలలో నిలిచింది.

ఒరుగు సరిచేయడం ఆయన చెప్పినట్టు ఒక పూటలోనే అయింది. ఎదురెదురు మూలల మధ్య దారం పట్టి రెండు కొలతలూ తీసుకుని, ఎక్కువగా ఉన్నవైపు పట్టీ జాక్‌తో కొంచెం కొంచెంగా లాగుతూ, రెండు కొలతలూ సమానమయ్యాక తలుపు చట్రంలో మూలమట్టం పెట్టి చూసి, అడ్డకర్రలు బిగించేశాం. ఆ తరువాత ఒక్కొక్క బద్దనే తీసి, దాన్నే నమూనాగా పెట్టి కొత్తది కోసి, వెంటనే అదే చోట పెట్టడం. గుండ్రటి మూలల బద్దలు సగం పోయి ఉండటం వల్ల వాటి ఆకారాన్ని ఊడదీసిన రేకు అంచు నుంచి అట్ట మీదికి దించుకున్నాం. మే, జూన్ నెలలు ఈ పనిలోనే గడిచాయి.

లోపలి గోడలకు అంగుళంలో ఎనిమిదో వంతు మందం ఉన్న బర్చ్ ప్లైవుడ్ వాడాం. మిగిలిన పాత అల్మారా తలుపుల తేనె రంగుకు కొత్త పలక రంగు కలపడానికి షెల్లాక్ పూయాలి. డబ్బా మూత తీయగానే నాన్నగారు గుర్తుపట్టారు. అది స్పిరిట్‌లో కరిగించిన లక్క. ఏటికొప్పాక బొమ్మలకు ఆ మెరుపునిచ్చే లక్కే. పలుచగా మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య సన్న కాగితంతో రుద్దడం, బ్రష్‌ను ఒకసారి లాగిన చోటికి మళ్ళీ తీసుకురాకపోవడం, ఇంతే అందులోని కిటుకు. తడి పూత మీద రెండోసారి లాగితే చార పడుతుంది, అది మరి పోదు. మూడో పూత ఆరాక పాత తలుపును పక్కన పెట్టి చూస్తే, ఏది 1962దో ఏది మాదో మా ఆవిడ చెప్పలేకపోయింది.

పాత వైరింగ్‌కు ఎర్తు తీగ లేదు కనుక మొత్తం తీసేసి కొత్తది వేయించాను. గ్యాస్ గొట్టాలు కూడా మార్పించాను. పాత పొయ్యిని ఉంచుకున్నాను కానీ, లైసెన్సు ఉన్న టెక్నీషియన్‌తో ఒత్తిడి పరీక్ష చేయించి, అతుకుల మీద సబ్బునురుగు రాసి బుడగలు రావడం లేదని చూసుకున్న తరువాతే వెలిగించాను. గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ పెట్టాను. ఈ రెండు పనుల్లో ఖర్చు తగ్గించుకోవాలని ఎవరూ చూడకూడదు. నిద్రపోయేది ఆ చిన్న గదిలో తలుపులు వేసుకుని, పిల్లలతో కదా.

ఆగస్టులో రేకులు తొడగడం మొదలైంది. పక్క రేకులు ముందు, తరువాత ముందూ వెనుకా కింది రేకు నుంచి పైకి, అన్నిటికన్నా చివర పైకప్పు. పెంకుటింట్లో పై పెంకు కింది పెంకు మీదికి వచ్చినట్టు, ప్రతి పై రేకూ కింది రేకు మీదికి రావాలి. ప్రతి అతుకు కిందా బ్యూటైల్ టేపు (నీరు దూరకుండా ఆపే జిగట రబ్బరు పట్టీ) పెట్టి, స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించాం. మొదటి రోజు నేను స్క్రూలను ఒకేసారి చివరిదాకా బిగిస్తుంటే నాన్నగారు ఆపారు. సగం బిగించి, ఒక గంట ఎండలో ఉంచి, టేపు మెత్తబడి అంచు నుంచి బయటికి ఉబికాక మళ్ళీ బిగించాలి. వారం తరువాత ఇంకోసారి. ఉబికిన నల్లని టేపును ప్లాస్టిక్ గరిటె అంచుతో కోసి తీస్తే, పట్టీ పొడవునా దారంలా సమంగా రావాలి. ఎక్కడ ఆ దారం తెగిందో అక్కడ లోపల ఖాళీ ఉన్నట్టు. అలా తెగిన మూడు చోట్ల పట్టీని ఊడదీసి మళ్ళీ పెట్టాం.

సెప్టెంబరులో గొట్టంతో పైనుంచి అరగంట నీళ్ళు కొట్టి పరీక్షించాం. నేను లోపల టార్చ్ పట్టుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాల తరువాత వెనుక కుడి దీపం కింద, లక్క పూసిన పలక మీద, ఒక్క చుక్క మెరిసింది. దీపం విప్పి చూస్తే తీగ దూరే రంధ్రం చుట్టూ టేపు పెట్టలేదు. నాన్నగారు సుద్దతో గీసిన నాలుగు చోట్లలో అది ఒకటి. మళ్ళీ సీలు చేసి, మరుసటి రోజు గంటసేపు నీళ్ళు కొట్టాం. ఏమీ రాలేదు.

రెక్క ఒక్కటి మిగిలింది. కొత్త రెక్కలు తయారుచేసి అమ్మేవాళ్ళున్నారు, తెప్పిద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఎడమ రెక్కను అట్ట మీద పెట్టి గీసి, అట్టను తిరగేసి, అల్యూమినియం రేకు మీద ఆ గీతను దించి, రేకు కత్తెరతో గీతకు బయటగా కోసి, మిగిలినదాన్ని ఆకురాయితో గీత దాకా అరగదీశారు. అంచు మడతను కర్రదుంగ మీద పెట్టి, కర్ర సుత్తితో తట్టడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. డెబ్బై ఏళ్ళ వయసులో ఆయన చేయి ఒక్కసారి కూడా తడబడలేదు. నేను పక్కన నిలబడి రేకు పట్టుకున్నాను. మా ఊళ్ళో ఉండగా ఆయన షెడ్డుకు నేను ఒక్కనాడు కూడా ఇలా సాయానికి వెళ్ళలేదు. అక్టోబరు మొదటి వారంలో ఆ రెక్కను బిగించారు; పదో తేదీన తిరుగు ప్రయాణం.

పరుపులు, కర్టెన్లు, కిటికీ రబ్బర్లు ఆ చలికాలంలో పూర్తయ్యాయి. 2023 వేసవిలో ట్రక్ స్టాప్ కాటా మీద తూయిస్తే సామానుతో 2,140 పౌండ్లు వచ్చింది. ఇటువంటి బండిలో మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం దాకా టంగ్ మీద పడాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద వెనుక భాగం పాము తోకలా ఊగుతుంది. మాది మొదట 170 పౌండ్లే ఉంది, ఎనిమిది శాతం. నీళ్ళ క్యాన్లు, పనిముట్ల పెట్టె వెనుక నుంచి ముందుకు మార్చాక 250కి చేరింది.

సెప్టెంబరులో మిషిగన్‌లోని లడింగ్టన్ స్టేట్ పార్కుకు వెళ్ళాం. ఒకవైపు మిషిగన్ సరస్సు, ఇంకొకవైపు హామ్లిన్ సరస్సు, మధ్యలో ఇసుకదిబ్బలు, పైన్ చెట్లు. మొదటి సాయంత్రం పిల్లలతో ఇసుకదారి వెంట 1867 నాటి బిగ్ సేబుల్ దీపస్తంభం దాకా నడిచి వచ్చాం. రాత్రి పాత పొయ్యి మీద మా ఆవిడ ఉప్మా చేసింది. భోజనాల బల్లను కిందికి దించి, దాని మీద పరుపులు పరిచి పిల్లల్ని పడుకోబెట్టాం. ఒంటిగంటకు వాన మొదలైంది. రేకు మీద వాన చప్పుడు మా చిన్నప్పటి రేకుల ఇంటి చప్పుడే. నాకు నిద్ర పట్టలేదు. గంటకొకసారి లేచి, టార్చ్ వేసి, మూలల్లో చేతి వెనుక భాగం ఆనించి చూశాను. తడి ఉంటే అరచేతికన్నా ముందు దానికే తెలుస్తుందని నాన్నగారు నేర్పారు.

పొద్దున ఆరింటికి, వాన ఇంకా పడుతుండగా, వీడియో కాల్ చేశాను. విజయవాడలో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. ఫోన్‌ను వెనుక రెండు మూలలకూ, కిటికీ పై మూలకూ, గాలి కిటికీకీ చూపించాను. ఆయన ఏమీ మాట్లాడకుండా ప్రతిదీ చూశారు.

‘‘దీపం కింద చూపించు,’’ అన్నారు.

చూపించాను. పొడిగా ఉంది.

‘‘వాన తగ్గాక బయటికి వెళ్ళి రెక్క స్క్రూలు ఒకసారి బిగించు. దారి కుదుపులకు వదులవుతాయి,’’ అన్నారు.