పిట్టల లెక్కలో ర్యాంకులు

మా పిట్టల బృందం వారు ఈ సాయంత్రం వాట్సాప్‌లో పెట్టిన ర్యాంకుల పట్టిక నన్ను ఇంకా పడుకోనివ్వడం లేదు. చిన్నోడు పైవరసలో ఉన్నాడు, మామయ్యగారు అట్టడుగున ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు గానీ, రాత్రి ఒక్క ముద్ద తక్కువే తిన్నారు.

మామయ్యగారు తెల్లవారగానే మహేంద్రతనయ నది గట్టున నిలబడి, కాకులు, గోరింకలు, కొంగలతో సహా కంటపడినవన్నీ, ఎవరైనా తాము చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కిస్తారు. చిన్నోడు సెలవు దొరికితే చాలు, పర్లాకిమిడి నుంచి బరంపురం మీదుగా రంభ దాకా వెళ్లి, చిలికా సరస్సు ఒడ్డున కొత్త జాతుల కోసం వెతుకుతాడు. పట్టిక వేసినవారు జాతుల సంఖ్య ఒక్కటే చూశారు. గుర్తుపట్టిన పక్షులన్నిటినీ రాశారా అని ఈబర్డ్ ప్రతి జాబితాకూ అడుగుతుంది. అలా అన్నీ రాసిన జాబితా ఉంటేనే, అందులో లేని పక్షి ఆ పూట అక్కడ రాసినవారికి కనబడలేదని శాస్త్రవేత్తలు లెక్కలోకి తీసుకోగలరు. ఊరపిచ్చుకలు తగ్గాయో లేదో తేలాలంటే, ఒకేచోట ఏళ్ల తరబడి రాసిన మామయ్యగారి జాబితాల వంటివే కావాలి. కొత్త జాతికే విలువ కడితే ఇక కాకిని ఎవరు రాస్తారు?

ఓల్డ్ వెదర్ ప్రాజెక్టులోనూ ర్యాంకులతో ఇలాంటి చిక్కే వచ్చింది. పాత ఓడల లాగ్‌బుక్కుల్లోని వాతావరణ వివరాలను ఎత్తిరాసే స్వచ్ఛంద కార్యకర్తలలో, ఒక్కో ఓడకు అందరికన్నా ఎక్కువ రాసినవారికి కెప్టెన్ హోదా ఇచ్చేవారు. దాని కోసం పట్టుదలగా రాసినవారూ ఉన్నారు, ముందున్నవారిని ఎన్నటికీ అందుకోలేమని నిరుత్సాహపడినవారూ ఉన్నారు.

విజ్ఞానానికి ఆటలు పనికిరావని ఇక్కడ రాయబోయి ఆగాను. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు 2008లో తెచ్చిన ఫోల్డిట్ అనే కంప్యూటర్ ఆటలో ప్రోటీన్‌ను మడిచే కొద్దీ, దాని శక్తి ఎంత తగ్గితే స్కోరు అంత పెరుగుతుంది. అక్కడ పాయింట్ల వెంట పడడమంటే సరైన ఆకృతి వెంట పడడమే. కోతులకు సోకే ఒక వైరస్ ఎంజైము నిర్మాణం ఏళ్ల తరబడి అంతుచిక్కకపోతే, 2011లో ఆ ఆటగాళ్లే దానికి దారి చూపారు.

పైగా చిన్నోడి సంగతి నేనెలా మరువగలను? ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పక్షుల గణనకు మొదటిసారి వాణ్ణి లేపబోతే దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాడు. ఆ మధ్యాహ్నం పట్టికలో తన తోటివాడి పేరు చూశాడు. మర్నాడు చీకటి ఉండగానే లేచి, మామయ్యగారి బైనాక్యులర్ మెడలో వేసుకుని, ఆయన్నే తొందరపెట్టాడు. గట్టు మీద నీటికాకికీ పాముమెడ పిట్టకూ తేడా ఏమిటని అడిగి అడిగి ఆయనను విసిగించాడు. ఆ పోటీ లేకపోతే వాడికి ఈ పిచ్చి పట్టేదే కాదు.

కాబట్టి పట్టిక ఉండనివ్వండి, అందులో పూర్తి జాబితాలకూ ఒక వరస వేయండని బృందానికి రాయబోయాను. చిన్నోడు పక్కనుంచి చూసి, అలాగైతే కిటికీలోంచి చూసి గంటకో జాబితా పంపేవాళ్లు తయారవుతారన్నాడు. అదీ నిజమే. రోజుకు ఒకటి, అదీ పావుగంటకు తగ్గకుండా చూసినదైతేనే లెక్కలోకి తీసుకోమని చేర్చి, ఇప్పుడే పంపాను.