శాన్ ఆంటోనియో వెస్ట్ సైడ్‌లో నాయకులు ఎలా తయారవుతారు

"వీళ్లు మీటింగులకు రారండీ, వాళ్ల పనేదో వాళ్లదే." ఈ ఊళ్లోని లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కుటుంబాల గురించి మన తెలుగువాళ్ల ఇళ్లలో కూడా ఈ మాట వింటుంటాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ఇంకెక్కడో ఉండి అంటే సరే, టెక్సాస్‌లోని ఈ శాన్ ఆంటోనియోలో కాపురముంటూ అంటే ఎలా?

1970ల్లో ఇక్కడి వెస్ట్ సైడ్‌లో గట్టి వాన పడితే వీధులు వాగులయ్యేవి. నీళ్లు ఇళ్లలోకి వచ్చేవి, పిల్లలు బురద తొక్కుకుంటూ బడికి వెళ్లేవాళ్లు. అక్కడున్నవి ఎక్కువగా మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు. ఎర్నెస్టో కోర్టెస్ ఈ ఊరివాడే. బయటికి వెళ్లి, మామూలు జనాన్ని కూడగట్టడం నేర్పే ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్ దగ్గర తర్ఫీదు పొంది తిరిగొచ్చాడు. వచ్చినవాడు వేదిక వెతుక్కోలేదు. చర్చి మనుషుల్ని ఒక్కొక్కరినే కలిసి, మిమ్మల్ని పీడిస్తున్నదేమిటని అడుగుతూ పోయాడు. పెద్ద రాజకీయాల గురించి చెబుతారనుకుంటాం. వాళ్లు చెప్పింది వరద నీళ్ల గురించి, డ్రైనేజీ గురించి.

1974లో అలా పుట్టిందే 'కమ్యూనిటీస్ ఆర్గనైజ్డ్ ఫర్ పబ్లిక్ సర్వీస్'. అందరూ కాప్స్ అంటారు. మామూలు జనం కూర్చుని నగరపాలక సంస్థ పాత కాగితాలు తిరగేస్తే, ఒక డ్రైనేజీ పనికి 1945లోనే ఆమోదం దొరికిందని, ముప్పై ఏళ్లు కావస్తున్నా తట్టెడు మట్టి తీయలేదని బయటపడింది. ఆ వివరాలతోనే సిటీ కౌన్సిల్‌ను నిలదీశారు. అదే ఏడాది నవంబరులో డ్రైనేజీ పనుల కోసం 4 కోట్ల 68 లక్షల డాలర్ల బాండ్లకు ఓటర్లు ఒప్పుకున్నారు. మర్నాడే మరిచిపోయే ధర్నా కాదిది. దస్తావేజు చదవడం నేర్చుకున్నవాళ్లు మళ్లీ ఎవరి మాటా ఊరికే నమ్మరు.

1975లో ఊరి వ్యాపార పెద్దల మీద ఒత్తిడి తేవడానికి కాప్స్ వాళ్లు పెద్ద బ్యాంకులో క్యూ కట్టి డాలర్లను పెన్నీలుగా (ఒక సెంటు నాణేలుగా), పెన్నీలను డాలర్లుగా మార్చుకోవడం, ఖరీదైన బట్టల దుకాణంలో వందలమంది దుస్తులు వేసి చూసుకుని ఏమీ కొనకుండా రావడం గురించి చాలామంది చెప్పుకుంటారు. అది ముచ్చటైన కథే. నాకు మాత్రం ఆ పనుల్ని నడిపించినవాళ్లెవరన్నది ముఖ్యం. తొలి అధ్యక్షుడు ఆండ్రెస్ సరాబియా కెల్లీ వైమానిక స్థావరంలో ఉద్యోగి. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న బియాట్రిస్ గాయెగో బడి పేరెంట్స్ సంఘంలో పనిచేసిన తల్లి. చర్చి పండక్కి వందలమందికి వండి వార్చి, లెక్కలు తేల్చి, వాలంటీర్లను పోగేసిన ఆడవాళ్లకు మనుషుల్ని కూడగట్టడం కొత్తగా నేర్పాలా? ఆ నేర్పును నాయకత్వమని అప్పటిదాకా ఎవరూ గుర్తించలేదంతే.

ఈ పద్ధతిలో ఒక కట్టుబాటు ఉంది. మనుషులు తమంతట తాము చేసుకోగలిగిన పనిని వాళ్ల తరఫున నువ్వు చేసిపెట్టకూడదు. వినడానికి కటువుగా ఉంటుంది. అదెలా పనిచేస్తుందో మా పక్కింటి పెద్దావిడ వల్ల నాకు అర్థమైంది.

ఆవిడ హోటల్లో గదులు శుభ్రం చేసి రిటైరయ్యారు. మా వీధి చివర వీధిదీపాలు, కాలిబాట కోసం చర్చి హాల్లో జరిగే సమావేశాలకు వెళ్లేవారు. నేనూ వెంట వెళ్లేదాన్ని, పక్కగదిలో పిల్లల్ని చూసుకునే పని నాది. (ఆ గది లేకపోతే సగంమంది తల్లులు రారు. దీన్ని చిన్న ఏర్పాటు అనుకునేవాళ్లు ఎప్పుడైనా చంటిబిడ్డతో రెండు గంటల మీటింగులో కూర్చుని చూడాలి.) కౌన్సిల్ ఎన్నికల ముందు అభ్యర్థుల్ని పిలిచినప్పుడు, సమయం చూసే బాధ్యత ఆవిడకిచ్చారు. ఒక్కో అభ్యర్థికి రెండు నిమిషాలు, ఆ తర్వాత మా కోరికలకు అవునో కాదో ఒకే మాట. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. జనాన్ని కూడగట్టే ఆర్గనైజర్ అమ్మాయి మా వంటింట్లో తనే అభ్యర్థిలా నిలబడి గడగడా వాగుతుంటే, పెద్దావిడ ఆపడం అభ్యాసం చేశారు. మొదట గొంతు పెగల్లేదు. తర్వాత చెయ్యెత్తి "మీ సమయం అయిపోయిందండీ" అన్నారు. అమ్మాయి కావాలనే ఆగలేదు. ఈసారి పెద్దావిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

ఆ సాయంత్రం ఒక అభ్యర్థి నిజంగానే ఆగలేదు. ఆవిడ లేచారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది, ఆయన మైకు వదిలారు.

కానీ అసలు తర్ఫీదు ఆ తర్వాతే మొదలైంది. జనం వెళ్లిపోయాక కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ఏం బాగుంది, ఎక్కడ తడబడ్డామని ఒక్కొక్కరూ చెప్పాలి. ఆర్గనైజర్ అమ్మాయి దాదాపు నోరు విప్పలేదు. పెద్దావిడను అందరూ మెచ్చుకున్నారు. ఒకాయన మాత్రం, మన పక్షాన ఉన్నాయనకు మీరు అర నిమిషం ఎక్కువిచ్చారు అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, నిజమే, ఇచ్చాను అన్నారు. అంతమంది ముందు అలా తప్పు ఎత్తిచూపడం కొందరికి మోటుగా అనిపించవచ్చు. పొగడ్తలతో ఇంటికి పంపితే ఆవిడ అక్కడే ఆగిపోయేవారని నా నమ్మకం.

1977లో ఈ నగరం కౌన్సిల్ సభ్యుల్ని వార్డులవారీగా ఎన్నుకోవడం మొదలుపెట్టాక వెస్ట్ సైడ్‌కు తన మనిషి దొరికాడు. అయితే ఆ మనిషిని నిలదీసేవాళ్లు వీధిలో లేకపోతే ఆ సీటు వల్ల ఒరిగేది తక్కువ. అందుకే ఇళ్లలో పదిమందితో జరిగే చిన్న సమావేశాల మీద నాకంత గురి. వాటికి సాయంత్రాలు కావాలి, స్పానిష్‌లో నడవాలి, రెండు ఉద్యోగాలు చేసేవాళ్లకు వీలైన వేళల్లో జరగాలి. వీటికి డబ్బివ్వడానికి దాతలు తటపటాయిస్తారు, ఎందుకంటే ఫొటోలో చూపడానికి ఏమీ ఉండదు.

వచ్చే ఎన్నికలకు సమయం చూసే పని పెద్దావిడను మళ్లీ అడిగారు. ఒప్పుకోలేదు. మా వీధిలోనే టైర్ల షాపులో పనిచేసే ఒకబ్బాయి, ఎప్పుడూ వెనక వరసలో కూర్చునేవాడు, వాడికివ్వండి అన్నారు. అభ్యాసం కూడా తనే చేయిస్తారట.