రాత్రి రెండింటికి ఆ గేటు తీస్తే

ఇది రాస్తే కాలనీలో సగం మందికి కోపం వస్తుందని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మిగతా సగానికి నా మీద ఎలాగూ కోపమే కాబట్టి ఇక పోయేదేం లేదు, రాసేస్తున్నా.

మాది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, ఒకప్పుడు చేలున్న చోట వెలిసిన కాలనీ. మా వెనక వీధి తర్వాత ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్లు, వాటి అవతల ఒక కుక్కల షెల్టర్. పేరు చెప్పను, చెప్పి కొత్త గొడవ తెచ్చుకోలేను. ఓ ప్రహరీ, లోపల రేకుల షెడ్లు, ముందు పెద్ద ఇనుప గేటు. ఎన్ని కుక్కలున్నాయని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తారు, వందకు పైనే అన్నది మాత్రం ఖాయం. దాన్ని అక్కడి నుంచి ఎత్తేయించాలని అసోసియేషన్ వాళ్లు సంతకాలు సేకరిస్తున్నారు. నేను పెట్టలేదు. పెట్టకపోయేసరికి "ఏంటండీ, మీరూ కుక్కల పార్టీయేనా" అన్నారు. ఆ అరుపులకి నిద్ర పోగొట్టుకున్న వాళ్లలో మొదటి వరసలో ఉన్నది మేమే, మా పడగ్గది కిటికీ అటువైపే.

ముందు ఆ వినతిపత్రం సంగతి. "ఇరవై నాలుగ్గంటలూ మొరుగుతున్నాయి" అని రాశారు. అబద్ధం. వాటికీ వేళలున్నాయి. పొద్దున ఆరింటికి తిండి: చికెన్ షాపుల నుంచి తెచ్చిన కాళ్లు, తలకాయలు నూకలతో కలిపి ఉడకబెట్టి బకెట్లలో మోసుకొస్తారు, ఆ బకెట్ చప్పుడు వినపడగానే మొదలు, కడుపులో పడగానే బంద్. మధ్యాహ్నం వాటి చప్పుడే ఉండదు. సాయంత్రం వాలంటీర్లు, దత్తత తీసుకుంటామని వచ్చేవాళ్లు, కాసేపు సందడి. అసలు చావు రాత్రిది. ఎక్కడో బండి గుద్దిన కుక్కని వ్యాన్‌లో వేసుకొస్తారు, అది ఒక్కోసారి అర్ధరాత్రి దాటాక వస్తుంది. గేటు గడియ తుప్పు పట్టి ఉంది, లాగితే కీచుమంటుంది, ఆ కీచుకి ఒక కుక్క లేస్తుంది, దాన్ని విని పక్కది, ఆ తర్వాత షెడ్డు మొత్తం, షెడ్డుని విని మా వీధి కుక్కలు, వీటిని విని మెయిన్ రోడ్డువి. అదంతా సద్దుమణిగాక కూడా నిద్ర పట్టదు, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో అన్న టెన్షన్ ఒకటి. ఇంట్లో ఇంటర్ పరీక్షలు రాసే పిల్లలున్నవాళ్లు, నైట్ షిఫ్ట్ చేసి వచ్చి ఆరింటికి పడుకునేవాళ్లు ఏం అనుభవిస్తున్నారో నాకు తెలుసు.

ఇది మన మనసులో పుట్టిన బాధ కాదు, లెక్క ఉంది. కెనెళ్ల (కుక్కల్ని ఉంచే షెడ్ల) లోపల పరిశోధకులు కొలిచినప్పుడు 100 డెసిబెల్స్ దాటిన సందర్భాలు బోలెడు. ఆరుబయట మధ్యలో అడ్డేమీ లేకపోతే దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే మీటరు దూరంలో 100 ఉన్న అరుపు 16 మీటర్ల దగ్గర 76, 64 మీటర్ల దగ్గర 64, 128 మీటర్ల అవతల కూడా 58. శబ్ద కాలుష్యం మీద 2000లో తెచ్చిన నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 మించకూడదు. ఆ పరిమితి ఒక్క అరుపుకి పెట్టింది కాదు, కొంతసేపటి సగటుకి పెట్టింది, ఆ తేడా ఉంది. అయినా వంద కుక్కలు ఒకేసారి ఎత్తుకుంటే ఆ సగటు ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. పరిమితి కంటే 10 డెసిబెల్స్ ఎక్కువైతే ఫిర్యాదు చేసే హక్కు ఆ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి "చెవుల్లో దూది పెట్టుకోండి" అనే జంతుప్రేమికులకి ఒక దండం.

ఇక కాలనీలో రోజూ నడిచే వాదన, ఎవరు ముందు? షెల్టర్ మాకంటే ముందు నుంచీ ఉంది, అందులో అనుమానం లేదు. ప్లాట్లు అమ్మిన రియల్ ఎస్టేట్ వాళ్లు సైట్ చూపించడానికి మమ్మల్ని మధ్యాహ్నం పూటే ఎందుకు తీసుకొచ్చేవారో ఇప్పుడు అర్థమవుతోంది (పొద్దున ఆరింటికి తీసుకొస్తే ఒక్క ప్లాటూ పోయేది కాదు). "తెలిసి కొనుక్కుని ఇప్పుడు ఏడుపేంటి" అని షెల్టర్ వైపు వాళ్లంటారు. న్యాయం ప్రకారం ఆ మాట చెల్లదు. మనవాళ్లు న్యూసెన్స్ కేసుల్లో తిరగేసే పాత ఇంగ్లండ్ తీర్పు ఒకటుంది, 1879ది. లండన్‌లో ఒక మిఠాయి వ్యాపారి ఇరవై ఏళ్లకు పైగా తన వంటింట్లో పెద్ద రోళ్లలో దంపుకుంటున్నాడు, ఎవరికీ ఇబ్బంది లేదు. వెనక ఇంటి డాక్టరు తన పెరట్లో, ఆ వంటింటి గోడకి ఆనించి, రోగుల్ని చూసే గది కట్టుకున్నాడు. చప్పుడుకి నా పని సాగట్లేదని కోర్టుకెక్కాడు, గెలిచాడు కూడా. ముందు నుంచీ ఉన్నాం అన్నది అక్కడ అక్కరకు రాలేదు. ఇది మా ప్రెసిడెంటుగారికి చెప్తే ఎగిరి గంతేశారు. పూర్తిగా వినలేదు పాపం. మన దగ్గర భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద (పాత సీఆర్పీసీలో 133) ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు, నిజమే. ఆ సెక్షన్లో పనిని ఆపించడం ఎంత ఉందో, పద్ధతిలో పెట్టించడం కూడా అంతే ఉంది. మా వినతిపత్రంలో ఉన్నది మొదటిదొక్కటే.

నన్ను సంతకం పెట్టనివ్వనిది కూడా అదే. ఎత్తేస్తే అవి ఎక్కడికి పోతాయి?

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధికుక్కలు చంపేసిన వీడియో చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు. ఆ వారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, కుక్కలన్నిటినీ పట్టుకెళ్లి ఎక్కడో పడెయ్యాలని. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమన్నప్పుడు చప్పట్ల ఎమోజీలతో ఫోన్ నిండిపోయింది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జిల ధర్మాసనం దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్ చేసి, టీకా వేసి ఎక్కడివక్కడ వదలమంది, అప్పుడు తిట్లు. నవంబర్ 7న స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల ఉన్న కుక్కల్ని తీసి షెల్టర్లకి పంపాలి, మళ్లీ అక్కడ వదలకూడదు అంది, మళ్లీ చప్పట్లు. చప్పట్లు కొట్టిన నంబర్లూ, షెల్టర్ ఎత్తేయమని సంతకం పెట్టిన నంబర్లూ చూస్తే ఇంచుమించు అవే. షెల్టర్ అంటే ఆకాశంలో కట్టరు కదా, ఎవరో ఒకరి ఇంటి వెనకే కడతారు. పైగా ఇందులో ఉన్నవి చాలావరకు మూడు కాళ్లవి, నడుము పడిపోయినవి, చూపు లేనివి. వాటిని రోడ్డు మీద వదిలితే వారం బతకవు. బాగున్నవి మన వీధిలోకే వస్తాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ గేటు ముందు అట్టపెట్టెల్లో కుక్కపిల్లల్ని పెట్టి వెళ్లేది ఎక్కడివాళ్లో కాదు. ఒక లాబ్రడార్ని గేటుకి కట్టేసి పోయారు, మెడలో మంచి తోలు పట్టీ, కాళ్లకి పుండ్లు. అది ఎవరిదో మా బ్లాకులో చాలామందికి తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఆ పెద్దమనిషి సంతకం వినతిపత్రంలో మూడో పేజీలో ఉంది.

ఇంత చెప్పి షెల్టర్ వాళ్లని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దాన్ని నడిపే మేడం మనసు మంచిదే, మాట మాత్రం మహా పెడసరం. అసోసియేషన్ మీటింగ్‌కి పిలిస్తే వచ్చారు. మా ప్రెసిడెంటుగారు రిటైర్డ్ ఇంజనీరు, బీపీ మనిషి. "మూగజీవాల మీద అంత ప్రేముంటే మీ ఇంట్లో పెట్టుకోండి మేడం" అన్నారు. "నిద్ర పట్టకపోతే డాక్టర్ని కలవండి సార్" అని ఆవిడ. అక్కడితో మీటింగ్ అయిపోయింది, టీ కూడా ఎవరూ తాగలేదు. ఆవిడ పడుకునేది సిటీలో, పదో అంతస్తులో. రాత్రి ఆ షెడ్డు పక్క గదిలో పడుకునేది కుక్కల్ని చూసుకునే కుర్రాడు, వాడికీ నిద్ర లేదు.

ఆ రాత్రే గ్రూపులో ఒకాయన "బిస్కెట్లో కలిపి పెడితే పీడా పోతుంది" అని పెట్టాడు, నవ్వే బొమ్మతో. జంతువుకి విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల దాకా జైలు. ఆ ముక్క గ్రూపులోనే రాశాను, మెసేజ్ డిలీట్ అయింది. నాకు కుక్కల పార్టీ బిరుదు ఖాయమైంది అప్పుడే.

తర్వాత ఒక ఆదివారం నేనే వెళ్లాను షెల్టర్‌కి. లోపలికి అడుగు పెట్టగానే చెవులు గింగురుమన్నాయి. నేల గచ్చు, గోడలు సిమెంటు, పైన రేకులు, శబ్దాన్ని పీల్చుకునే మెత్తటి వస్తువు ఒక్కటి లేదు. ఒక్క కుక్క మొరిగితే డప్పు లోపల కూర్చున్నట్టుంది. 2012లో అమెరికాలో అచ్చిన ఒక పరిశోధనలో, ఆరు నెలలు కెనెల్లో ఉన్న కుక్కలకి వినికిడి తగ్గినట్టు తేలింది. మా కంటే ముందు చెవులు పోయేది వాటికే, ఈ మాట మేడంకి చెప్పాలనుకుని మీటింగ్‌లో చెప్పే సందు దొరకలేదు.

కుర్రాడితో మాట్లాడితే అసలు విషయం తెలిసింది. "మనిషి మొత్తం కనబడితే ఎక్కువ మొరగవన్నా. గేటు కింద సందులకెళ్లి కాళ్లు మాత్రమే కనబడితే ఇగ ఆగవు" అన్నాడు. కిందికి వంగి చూశాను. గేటుకీ నేలకీ మధ్య జానెడు ఖాళీ, రోడ్డు మీద పోయే ప్రతి చెప్పూ, ప్రతి టైరూ మొదటి వరస గూళ్లకి కనబడుతోంది. మా వైపు ప్రహరీలో కూడా గాలి కోసం వదిలిన కంతలు, వాటికి ఎదురుగా రెండో షెడ్డు. కొత్తగా వచ్చిన కుక్కని తిన్నగా అన్నిటి మధ్య నుంచి నడిపించుకుంటూ చివరి గదికి తీసుకెళ్తారు, ఎందుకంటే విడిగా ఉంచే గది చివర్లో కట్టారు. రాత్రి రెండింటికి ఆ ఊరేగింపు.

వీటిలో ఏదీ ప్రేమకీ ద్వేషానికీ సంబంధించింది కాదు, మేస్త్రీ చేసే పని. గడియకి గ్రీజు, గేటు కింద రేకు ముక్క, ఇవి ఒక్క పూట పని, వేలు కూడా కావు. రాత్రి వచ్చిన కుక్కని తెల్లారేదాకా ఉంచడానికి మెయిన్ రోడ్డు వైపు ఒక చిన్న గది. మా వైపు గోడలో కంతలు మూసి ఎత్తు పెంచడం. గాలికి పైన దారి చూసుకోవాలి, లేకపోతే ఎండాకాలం అవి మాడిపోతాయి. మా సెక్రటరీగారు అశోక చెట్లు నాటుదాం అంటున్నారు, అందంగా ఉంటాయి గానీ ఒక్క వరస చెట్లు శబ్దాన్ని ఏమీ ఆపవు, సందు లేని గోడ ఆపుతుంది, అది కూడా అరుపు పుట్టే చోటికీ మన కిటికీకీ మధ్య చూపు తెగేంత ఎత్తుంటేనే. రేకుల కింద మెత్తటి షీట్లు వేయిస్తే ఆ మోత కొంత షెడ్డులోనే తగ్గుతుంది. ఖర్చు ఎక్కువయ్యేవి ఆ షీట్లు, గోడ.

డబ్బు దగ్గరే ఇప్పుడు ఆగింది. షెల్టర్ నడిచేదే చందాల మీద, గోడకి రూపాయి లేదంటున్నారు, కనీసం చికెన్ షాపు బాకీ తీర్చనివ్వండి అని మేడం. "వాళ్ల కుక్కలకి మా డబ్బుతో గోడా" అని అసోసియేషన్. గణేష్ నవరాత్రులకి డీజేకి ఎంత పోశామో అందరికీ తెలుసు, ఆ తొమ్మిది రోజులు షెల్టర్ కుక్కలు వణుక్కుంటూ మూలలకి చేరాయని కుర్రాడు చెప్పాడు, ఆ ముక్క మీటింగ్‌లో అంటే నాకు ఇక ఈ కాలనీలో పుట్టగతులుండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

గేటు కింద రేకు మాత్రం పడింది. కుర్రాడే ఎక్కడో పాత ముక్క సంపాదించి వెల్డింగ్ చేయించాడు. పొద్దుటి గోల అలాగే ఉంది, దారిన పోయేవాళ్లని చూసి మొరగడం మాత్రం తగ్గింది, ఇది నా ఒక్కడి మాట కాదు, ఎదురింటి ఆంటీ కూడా అన్నారు, ఆవిడ సంతకం పెట్టిన మనిషి. రాత్రి వ్యాన్ సంగతి ఇంకా తేలలేదు. మేడంకి ఫోన్ చేసి, చిన్న గదికి ఇటుకలు నేను అడిగి పెడతాను, మీరు రాత్రి గేటు తీయడం మానండి అన్నాను. "చూద్దాం అండీ" అన్నారు, ఆవిడ నోటి నుంచి అది పెద్ద మాటే. సోమవారం ప్రజావాణిలో వినతిపత్రం ఇవ్వడానికి అసోసియేషన్ వాళ్లు కలెక్టరేట్‌కి వెళ్తున్నారు. "ఎత్తేయాలి" అన్న చోట "రాత్రి పది తర్వాత గేటు తీయకుండా, మా వైపు గోడ కట్టేలా ఆదేశించాలి" అని మార్చమని ప్రెసిడెంటుగారికి పేపరు మీద రాసిచ్చాను. అలా మారిస్తే సంతకం పెడతానన్నాను. చదివి జేబులో పెట్టుకున్నారు, ఏమీ అనలేదు.